రాయపూర్‌లో రత్నం కుడిచెంప

రాయపూర్ వెళ్ళొచ్చానని తెలియగానే మా పార్వతీపురం టెలిఫోన్ ఎక్స్చేంజిలో అందరూ ఒకే ప్రశ్న వేశారు. "అక్కడేటుందమ్మా చూడ్డానికి?" మధ్యప్రదేశ్ అనగానే భోపాల్ పక్కనే కాబోలనుకుంటారు మావాళ్ళు. కాదు, మన రాయగడ దాటి ఒక పగటి ప్రయాణం. సముద్రం లేదు, కొండ మీద దేవుడు లేడు, ఎండ మాత్రం దండిగా ఉంది. నేనూ చూడ్డానికి వెళ్ళలేదు. మా చెల్లెలు రత్నం మొహాన్ని ఒక డాక్టరమ్మకి చూపించడానికి వెళ్ళాను. అలాగని కళ్ళకి గంతలు కట్టుకుని తిరగలేదు గనక చూసినవీ తిన్నవీ చెబుతాను. మధ్యలో చెప్పబుద్ధి కానిది ఒకటుంది. అది వదిలేస్తే ఇదంతా పోహా జిలేబీల కథ అయిపోతుంది, కాబట్టి అదీ చెబుతాను.

రత్నం మొగుడు సింహాచలం అక్కడ రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. లేకలేక వాళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. పైడితల్లి పేరు పెట్టి పైడి అని పిలుచుకున్నారు. ఆరేళ్ళు నిండాక ఆ పిల్లకి జ్వరం వచ్చి తలకెక్కి, ఎవరికీ ఏమీ తోచేలోగా చనిపోయింది. అది జరిగిన కొన్నాళ్ళకి రత్నం కుడికన్ను కింద సన్నగా అదరడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి అది చెంపకి పాకి, పెదవి చివరకి దిగింది.

ఈ సంగతులన్నీ నాకు ఫోనులో తెలిసినవే. ఇరవయ్యేళ్ళుగా ట్రంకు బోర్డు ముందు కూచున్నదాన్ని, గొంతు వింటే మనిషి కష్టసుఖం చెప్పగలనని నాకో గర్వం. రత్నం గొంతులో ఎప్పుడూ తేడా కనిపించలేదు. సింహాచలం గొంతే రోజురోజుకీ పాడైపోతూ వచ్చింది. ఈ వేసవిలో ఒకనాడు ఫోన్ చేసి అన్నాడు.

"వదినా, ఇక్కడ నరాల పరీక్ష మిషను వచ్చింది. కరెంటు పెట్టి చెక్ చేస్తారంట. అప్పాయింట్‌మెంట్ కూడా తీసేసినాను. ఇది రానంటోంది. మీరొచ్చి చెప్తే వింటాది."

"రానని ఎందుకంటోంది?"

"మాలూమ్ లేదు వదినా. కాలనీలో అందరూ దీనికి దిమాగ్ ఖరాబైందంటున్నారు. ముందు చూసిన డాక్టరు కూడా మనసు జబ్బని నిద్రమాత్రలిచ్చాడు. పరీక్షలో నరం దోషమని తేలితే వీళ్ళ నోళ్ళు బంద్ అయిపోతాయి. ఏం లేదని తేలితే మాత్రం..." అని ఆగిపోయాడు. వాళ్ళ పెద్దన్న అప్పటికే రత్నాన్ని పిచ్చాసుపత్రిలో చూపించమని పోరుతున్నాడని తర్వాత చెప్పాడు.

నేను సెలవు పెట్టి బయలుదేరాను.

టిట్లాగఢ్ ఎండ

రాయగడ దాకా మన భాషే, మన ఇడ్లీయే. ఆ తర్వాత అడవులు, కొండలు, సొరంగాలు. కేసింగాలో ఒడియా ముసలమ్మ ఒకామె చారపళ్ళ బుట్టతో ఎక్కి నా ఎదురుగా కింద కూచుంది. ఆకు దొన్నె నిండా పళ్ళు అర్ధరూపాయి. నల్లగా, చిన్నగా, పులుపూ తీపీ కలిసి ఉంటాయి. మన చారపప్పు ఈ గింజలోంచే వస్తుందని ఆమె చూపిస్తే తెలిసింది. పాయసంలో వేసుకోవడం తప్ప దాని పుట్టుపూర్వోత్తరాలు నేనెప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

టిట్లాగఢ్‌లో బండి చాలాసేపు ఆగింది. నీళ్ళు పట్టుకుందామని దిగితే కుళాయి కాలుతోంది. మరచెంబు చెయ్యిజారి పట్టాల మీద పడింది. అది మా అమ్మది. ప్లాట్‌ఫారం మీదున్న పోర్టరు దిగి తెచ్చిచ్చాడు గానీ మూత ఎక్కడికి దొర్లిందో దొరకలేదు. మూతలేని చెంబుని ఒళ్ళో పెట్టుకుని రాయపూర్ దాకా కూచున్నాను.

ఎక్కడికని అడిగినవాళ్ళకల్లా చెల్లెలి చెంప అదురుతోందని చెప్పాను. చారపళ్ళ ముసలమ్మ, కాంటాబాంజీలో ఎక్కిన పొగాకు వ్యాపారి, మహాసముంద్ వెళ్తున్న టీచరు, ముగ్గురూ మూడు భాషల్లో అడిగింది ఒకటే, "కుడివైపా, ఎడమవైపా?" కుడి అనగానే ముగ్గురూ నాలిక కరుచుకున్నారు. ఆడదానికి కుడికన్ను అదిరితే కీడని అన్ని భాషలవాళ్ళకీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది. "కీడు జరిగిపోయాకే అదరడం మొదలైంది, మీ శకునం ఆలస్యంగా వచ్చింది" అని టీచరుతో అనేశాను. పాపం ఆయన కిటికీవైపు తిరిగి కూచున్నాడు.

కాలనీలో

స్టేషన్‌కి ఇద్దరూ వచ్చారు. రత్నం నన్ను చూసి నవ్వింది. నవ్వు సగంలో ఉండగా కుడికన్ను దానంతటది గట్టిగా మూసుకుపోయి, పెదవి చివర పైకి లాక్కుపోయింది. కాసేపు అలాగే పట్టి, రెండుమూడు సార్లు కొట్టుకుని వదిలింది. తెలియనివాళ్ళు చూస్తే కన్నుకొట్టి వెక్కిరించిందనుకుంటారు. బయటికొచ్చేటప్పుడు టిక్కెట్ కలెక్టరు అలాగే అనుకున్నాడు కాబోలు, రెండోసారి తేరిపార చూశాడు.

నన్ను ఆశ్చర్యపెట్టిన సంగతి ఏమిటంటే రత్నం మొహం దాచుకోలేదు. అక్కడ ఎండకి ఆడవాళ్ళందరూ పైటచెంగు తలమీంచి ముక్కుదాకా లాక్కుంటారు, ఎవరూ తప్పుపట్టరు. ఇది మాత్రం చెంగు నడుముకి దోపుకుని, నిండుగా పసుపు రాసుకున్న మొహంతో బజారంతా నడిచింది. సిగ్గుపడి ఇంట్లో కూచుంటుందనీ, నేనే ధైర్యం చెప్పి బయటికి తీసుకురావాలనీ దారిపొడవునా మాటలు కూడబెట్టుకొచ్చాను. వాటితో పనే పడలేదు. మొహం దాచుకున్నది సింహాచలమే. పెళ్ళాం పక్కన నడుస్తూ ఒక్కసారి కూడా ఆమెవైపు తల తిప్పలేదు.

వాళ్ళ క్వార్టర్ల వరసలో సగం ఇళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళవే. ముగ్గులూ, తులసికోటా, గుమ్మానికి పసుపూ అన్నీ మనవే. నోరు తెరిస్తే మాత్రం తెలుగులో రాళ్ళలాగా హిందీ తగులుతుంది. పక్కింటావిడ నన్ను "చాయ్ పీకే వెళ్ళండి పిన్నీ" అని పిలిచింది. వెళ్తే టీ చేతికిచ్చి, గొంతు తగ్గించి, "పొద్దున్నపూట మీ చెల్లెలు చెంప మీద చెయ్యేసుకుని ఒక్కతే మాట్లాడుకుంటాది. చూసినారా?" అంది. చూడలేదన్నాను. టీ సగం తాగి వచ్చేశాను.

తిండి సంగతి చెప్పాలి. పొద్దున్నే అటుకుల పోహా, దాని పక్కన వేడి జిలేబీ. రెండూ కలిపి మూడు రూపాయలు. కారం మీద తీపి ఏమిటని ముందు ముక్కు విరిచాను గానీ రెండోరోజు నేనే అడిగి వేయించుకున్నాను. మధ్యాహ్నం బోరే బాసీ. రాత్రి అన్నంలో నీళ్ళుపోసి ఉంచి, మర్నాడు ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కొరుక్కుంటూ తింటారు. ఇంత దూరమొచ్చి చద్దన్నం తినాల్సి వచ్చిందా అని నవ్వాను. మనది తరవాణి, మరికాస్త పులుపు. రత్నం గిన్నె అంచున రోటిపచ్చడి పెడుతూ, "పైడికి ఇదుంటే ఇంకేటీ అక్కర్లేదు అక్కా" అంది. సింహాచలం తింటున్నవాడల్లా చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

దుఖూరామ్

మర్నాడు పొద్దున్న ఒక చోద్యం చూశాను. తెల్లవారగానే రత్నం గుమ్మంలో కూచుంది. వీధిలో ఒక రిక్షా ఆగింది. యాభయ్యేళ్ళ మనిషి, మెడలో తుండు. రిక్షా దిగి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. రత్నం చెంప అదిరింది. వెంటనే అతను నడుం వంచి చేత్తో నేలని తాకి, "పావ్ పరత్ హవ్, భాంచీ" అని, చెయ్యి నుదుటికి ఆనించుకుని రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు.

నాకర్థమైంది ఒకటే. మా చెల్లెలి అవిటితనాన్ని చూసి రోజూ వెటకారంగా దండం పెడుతున్నాడు. ఆ మరుసటి రోజు కాచుకుని కూచుని, వాడు వంగగానే వచ్చీరాని హిందీలో చెడామడా తిట్టాను. "శరమ్ నహీ హై?", అంటే సిగ్గు లేదా అన్నది నాకు బాగా వచ్చిన వాక్యం, అదే నాలుగుసార్లు అన్నాను. రత్నం నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "అతన్నేటీ అనకక్కా. నన్ను చెల్లెలనుకున్నాడు అతను. అన్న లాంటోడు."

సింహాచలాన్ని అడిగితే సగం చెప్పాడు. ఆ దేశంలో మేనమామ మేనగోడలి కాళ్ళకి మొక్కుతాడట. ఎంత చిన్నపిల్లయినా సరే, చంటిపిల్లయినా సరే. రాముడి తల్లి కౌసల్యది ఆ దేశమేననీ, అందుకని రాముడు వాళ్ళందరికీ మేనల్లుడనీ, అక్కచెల్లెళ్ళ పిల్లలందరూ ఆ లెక్కన పూజ్యులేననీ చెప్పాడు. పావ్ పరత్ హవ్ అంటే కాళ్ళకి మొక్కుతున్నానని, భాంచా అంటే మేనల్లుడు, భాంచీ అంటే మేనగోడలు. మనవైపు మేనమామకి పిల్లనిచ్చి పెళ్ళి చేస్తామని విని వర్క్‌షాపులో వాళ్ళు చెవులు మూసుకున్నారట. ఎవరి ఆచారం వారికి గొప్ప. ఆ రిక్షా అతను దుఖూరామ్ రత్నాన్ని చెల్లెలనుకున్నాడు గనక, పైడిని రోజూ బడికి తీసుకెళ్ళేముందు ఆ పిల్ల పాదాలకి మొక్కి రిక్షా ఎక్కించేవాడట.

"పైడి పోయాక కూడా వస్తన్నాడు. ఎవరికి మొక్కుతున్నాడో నాకు తెల్దు వదినా" అన్నాడు సింహాచలం.

ఆరంగ్

పరీక్ష ముందురోజు ఆదివారం. సింహాచలానికి ఓవర్‌టైం. మేమిద్దరం బస్సెక్కి ఆరంగ్ వెళ్ళాం. పాత రాతిగుడి ఒకటి ఊరిమధ్య ఇళ్ళ నడుమ నిలబడి ఉంది. లోపల నల్లరాతి జైన విగ్రహాలు, నిటారుగా, ఎవరితోనూ పనిలేనట్టు. గుడి బయట టీ కొట్టువాడు అడక్కుండానే ఊరికథ చెప్పాడు. ఇక్కడి రాజు దేవుడికిచ్చిన మాట కోసం భార్యతో కలిసి కన్నకొడుకుని రంపంతో కోశాడట. దేవుడు మెచ్చి పిల్లాణ్ణి మళ్ళీ బతికించాడట. రంపాన్ని ఆరా అంటారు గనక ఊరికి ఆ పేరు.

"బతికించేవాడికి కోయించడం దేనికి? చేతిలో పని లేకనా?" అన్నాను తెలుగులో.

"తిరిగిచ్చేసినాడు గదక్కా" అంది రత్నం. "వాళ్ళకి తిరిగిచ్చేసినాడు."

అక్కణ్ణించి మహానదికి వెళ్ళాం. వేసవిలో నది ఒక పక్కకి ఒదిగి, ఇసక మీద పుచ్చపాదులు పాకి ఉన్నాయి. కాపు కాసేవాళ్ళ పాకలో నీడకి కూచుని, రెండు రూపాయల పుచ్చకాయ పగలగొట్టించుకున్నాం. రేపటి పరీక్షకి ఎందుకు రానంటున్నావో ఇప్పుడు చెప్పమన్నాను. నొప్పికి భయమా? కరెంటంటే భయమా?

రత్నం నోట్లో గింజలన్నీ ఊసేసింది. తర్వాత చెప్పింది.

"పైడికి ఒక అలవాటుండీది. నాకన్నా ముందు లేచీసేది. లేచి నా కుడికన్ను మీద వేలెట్టి, రెప్ప పైకి లాగి, 'అమ్మా లే' అనీది. నేను దొంగనిద్ర పోతే చెంప పట్టుకుని మూతి పక్కకి లాగీసేది. రోజూ అంతే. పోయాక కొన్నాళ్ళు నాకు మెలకువే వచ్చీది కాదు, ఎవరో ఒకలు లేపాల. ఒకనాడు తెల్లారగట్ట కుడికన్ను మీద లాగినట్టయింది. లేచి చూస్తే ఎవరూ లేరు. అప్పట్నుంచీ రోజూ అక్కా. ముందు కన్ను దగ్గర, తర్వాత చెంప, ఆనక మూతి. పైడి ఎలా లాగీదో అలాగే. ఆ వరసలోనే."

చేతిలో పుచ్చకాయ ముక్క కింద పెట్టేశాను.

"నీకు పిచ్చా?" అనేశాను. అంతమంది అన్న మాటే నా నోటా వచ్చింది.

"దుఖూ భయ్యా ఒక్కడికే చెప్పాను. అతను నవ్వలేదు" అంది రత్నం. "రేపు నువ్వు రమ్మంటే వస్తాను. ఆయన ముఖం చూళ్ళేకపోతన్నాను. నరం అని తేలితే ఆయన బతికిపోతారు. కానీ అలా తేలితే నాకేటి మిగుల్తాదో ఒకసారి ఆలోచించు."

చెంప అదిరింది. అది కళ్ళు మూసుకుని, ఇసకలో అలాగే కూచుంది, ఎవరో తలనిమురుతుంటే కూచున్నట్టు. నా చెల్లెలి మొహంలో అంత నెమ్మదిని నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. నాకు భయం వేసింది, ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. అయినా రేపు వెళ్దామనే చెప్పాను.

నరాల పరీక్ష

దుఖూరామ్ రిక్షాలోనే వెళ్ళాం. మొన్నటి తిట్లకి నేను క్షమించమన్నాను. అతను తుండుతో సీటు దులిపి, "బైఠో దీదీ" అన్నాడు. సింహాచలం సైకిలు మీద వెనకే వచ్చాడు.

చిన్న క్లినిక్. డాక్టరమ్మ నడివయసు మనిషి, నెమ్మదిగా హిందీలో మాట్లాడింది. మిషను మన టీవీ అంత ఉంది. తెరమీద పచ్చటి గీత ఒకటి పాకుతోంది. రత్నం మొహం మీద చిన్న బిళ్ళలు అంటించాలి. ఒకటి కంటికింద, ఒకటి పెదవి పక్కన. అంటించారు. ఊడిపోయాయి. మళ్ళీ అంటించారు. మళ్ళీ ఊడాయి. పొద్దున్నే లేచి నూనె పట్టించి పసుపు రాసుకొచ్చింది మహాతల్లి! డాక్టరమ్మ స్పిరిట్ దూదితో తుడవబోతే తల వెనక్కి లాక్కుంది. ముత్తైదువ మొహాన పసుపు ఒకరు తుడవకూడదని నేను సర్దిచెప్పి దూది రత్నం చేతికిచ్చాను. ఎడమచెంప గబగబా తుడిచేసుకుంది. కుడిచెంప దగ్గర దాని చెయ్యి ఆగి ఆగి నడిచింది. పళ్ళెంలో దూదిముక్కలన్నీ పచ్చగా మిగిలాయి.

మొదట సన్నటి సూది. అది చెంపలో గుచ్చగానే గదిలో చప్పుడు మొదలైంది. మిషనుకి స్పీకరుంటుందనీ, కండరంలో కదిలే కరెంటుని అది చప్పుడుగా వినిపిస్తుందనీ నాకు తెలియదు. ఊరుకున్నప్పుడు నిశ్శబ్దం. చెంప అదిరినప్పుడల్లా టపటపమని రేకుమీద చినుకుల్లాగా ఒక్క జల్లు, మళ్ళీ ఆగి ఇంకో జల్లు. నేను జీవితమంతా తీగల్లో చప్పుళ్ళు వింటూ బతికినదాన్ని. నా చెల్లెలి చెంప చప్పుడు వింటానని మాత్రం అనుకోలేదు. రత్నం కళ్ళు పెద్దవి చేసి స్పీకరువైపే చూస్తోంది.

"పైడి పట్టీల చప్పుడు లాగుంది గదక్కా" అంది తెలుగులో.

డాక్టరమ్మ ఏమంటోందని అడిగింది. ఏమీ లేదన్నాను.

తర్వాత అసలు పరీక్ష. కనుబొమ్మ దగ్గర చిటికెడు కరెంటు తాకిస్తారు. కన్ను టక్కున మూసుకోవాలి, పెదవి కదలకూడదు. తెరమీద పైగీత కంటిది, కిందగీత పెదవిది. ఎడమవైపు పెట్టారు. పైగీత ఎగిరింది, కిందగీత కదల్లేదు. కుడివైపు పెట్టారు. రెండూ కలిసి ఎగిరాయి. మళ్ళీ పెట్టారు. మళ్ళీ రెండూ ఎగిరాయి.

ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. వానాకాలంలో కేబుల్ పైతొడుగు చెడి రెండు తీగలు తగులుకుంటే, ఒకరికి రింగిస్తే ఇంకొకరింట్లో మోగుతుంది. మేం క్రాస్‌టాక్ అంటాం. అదే అడిగాను. డాక్టరమ్మ అవునని తలూపి, కాగితం మీద బొమ్మ గీసింది. చెవి వెనకాల, మెదడు దగ్గర, మొహానికి వచ్చే నరం మొదలు. దానిమీద ఒక రక్తనాళం ఆనుకుని ఏళ్ళ తరబడి రాసుకుంటే తొడుగు అరిగి, కంటికి పోవాల్సింది మూతికీ పోతుంది. ఎక్కువమందిలో కారణం ఇదే. ఇంకేమీ అడ్డు లేదని ఒక స్కాన్ తీయించుకోవాలి. మాత్రలు కొంత తగ్గిస్తాయి. పూర్తిగా పోవాలంటే మద్రాసో బొంబాయో వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలి.

"నిద్రలో కూడా వస్తుందా?" అని అడిగింది.

"వస్తుంది. నేను చూశాను" అన్నాను.

"అయితే ఇది మనసు జబ్బు కాదు."

సింహాచలం చేతులు జోడించి నిలబడ్డాడు. "మేడమ్, బచ్చీ పోయాకే మొదలైంది. ఆ దుఃఖం వల్ల కాదా?" అని హిందీలో అడిగాడు. కాదంది డాక్టరమ్మ, చాలా దయగా. దుఃఖానికీ దీనికీ సంబంధం లేదు, ఆ పాప బతికి ఉన్నా ఇది వచ్చేదే అని చెప్పింది. అతను గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే వచ్చి పెళ్ళాం మొహాన్ని రెండుచేతుల్లోకి తీసుకుని చూశాడు. ఆ చూపు కోసం రెండేళ్ళు పట్టింది.

రత్నం అతని చేతుల మధ్యనుంచే నన్ను అడిగింది. "ఆ రక్తనాళం ఎప్పట్నుంచి అక్కడుందో అడుగక్కా."

అడిగాను. పుట్టినప్పట్నుంచీ ఉంటుంది, వయసుతోపాటు కాస్త జరిగి నరం మీదకి వస్తుంది అంది డాక్టరమ్మ.

"అంటే పైడి పుట్టకముందు నుంచీ ఉందన్నమాట" అంది రత్నం. బిళ్ళలు పీకేటప్పుడు తనే మొహం ముందుకి చాపి ఇచ్చింది.

ఆ తర్వాత

ఆ సాయంత్రం సింహాచలం కాలనీలో ఇంటింటికీ మిఠాయి పంచాడు. పక్కింటావిడ వచ్చి, "నరమేనంట గదా, నేను ముందే అనుకున్నాను పిన్నీ" అంది. ఆ నోట్లో మిఠాయి ఉంది గనక బతికిపోయింది. సింహాచలం రైల్వే పాసు పెట్టుకుని మద్రాసు వెళ్దామంటూ పడుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. రత్నం అన్నిటికీ ఊఁ కొట్టింది, మాత్ర వేసుకుంది.

మర్నాడు తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే అది వెల్లకిలా పడుకుని ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏదో వింటున్నట్టుగా కదలకుండా ఉంది. చెంప అదిరింది, కన్ను మూసుకుంది, మూతి లాక్కుంది, వదిలింది. రత్నం మెల్లగా నావైపు తిరిగింది.

"ఇన్నాళ్ళూ పైడి లేపీది. ఇవాళ నరం లేపిందక్కా."

దగ్గరికి తీసుకోవడం తప్ప నాకు ఏమీ చేతకాలేదు. ఆ పిల్ల పోయినప్పుడు నేను రాలేకపోయాను, లైన్లు తెగి కబురు ఆలస్యంగా అందింది. ఇప్పుడు చూశాను. నా ఎదురుగానే ఇంకోసారి పోయింది. పరీక్ష తప్పని నేననను. నరాన్ని నరమనే చెప్పాలి, డాక్టరమ్మ చెప్పింది, నా చెల్లెలు పిచ్చిది కాదని ఊరికి తెలిసింది. అయినా ఆ గదిలో ఆ పొద్దున్న నాకు గుండె చెరువైంది.

దుఖూరామ్ ఎప్పటిలాగే వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. అదురు రాకముందే రత్నం లేచి నిలబడి, "భాంచీ నహీ హై, భయ్యా. నస్ హై" అంది. మేనగోడలు కాదన్నా, నరమట. అతను కాసేపు ఆమె మొహం చూశాడు. "హోహీ బహినీ" అన్నాడు. అయ్యుంటుందిలే చెల్లీ అని. తుండు తీసి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. వంగకుండానే వెళ్ళి రిక్షా ఎక్కాడు.

స్టేషన్‌లో

నేను తిరిగి బయలుదేరిన రోజు మమ్మల్ని స్టేషన్‌కి తెచ్చింది అతనే. డబ్బులివ్వబోతే చెల్లెలి అక్క కూడా అక్కేనని తీసుకోలేదు. సామాను మోసుకుని ప్లాట్‌ఫారం దాకా వచ్చాడు. సింహాచలం నాకు దారికి పోహా కట్టించి తెచ్చాడు, మరచెంబుకి మూత కూడా వర్క్‌షాపులో చేయించి బిగించాడు. మనిషి మొహం తేటపడింది. మాటిమాటికీ రత్నంవైపు చూస్తున్నాడు.

బండి వచ్చింది. నేనెక్కి కిటికీ దగ్గర కూచున్నాను. రత్నం కిందనుంచి నా చెయ్యి పట్టుకుంది. దాని వెనకాల దుఖూరామ్ నిలబడి ఉన్నాడు. అప్పుడు చెంప అదిరింది. కన్ను మూసుకుపోయి, మూతి పైకి లాక్కుంది.

దుఖూరామ్ నడుం అలవాటుగా వంగింది. చెయ్యి నేలవైపు సగందాకా వెళ్ళింది. అక్కడ గుర్తొచ్చినట్టుంది, ఆగిపోయాడు. వంగినవాడు వంగినట్టే ఒక్క క్షణం ఉండి, కిందపడ్డదేదో వెతుకుతున్నట్టు నటించి లేచాడు.

రత్నం చూసింది. నా చెయ్యి వదిలి, నడుముకి దోపుకున్న చెంగు లాగి, తలమీంచి తెచ్చి కుడిచెంప కప్పుకుంది. బండి కదిలి, ప్లాట్‌ఫారం మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.